ఎడమ అంచున గీత

పాలకొండ రోడ్డులో, కోర్టు గేటుకి ఎదురుగా
ముగ్గురు నిలబడితే నిండిపోయే జిరాక్సు కొట్టు నాది.
ఈ ఊళ్లో ఏ కష్టమైనా
ముందు నా గాజు పలక మీద బోర్లా పడుకుని
ఆ తరవాతే అధికారి బల్ల ఎక్కుతుంది.
చదవకూడదని నియమం పెట్టుకున్నాను.
కళ్లు నియమం వినవు.

పేడాడ తవిటమ్మకి పింఛను ఆగిపోయింది.
పలాసలో ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన వేళ్లు,
జీడి తినేసింది గీతలన్నీ.
"నానే బాబూ" అని మనిషి ఎదుట నిలబడినా
నువ్వేనని రుజువేటి అంటుందట మిషను.
నా మిషను నయం.
ఏది పెడితే అది నమ్ముతుంది.

రాజకీయాలా? ఉన్నాయి, ఎందుకుండవు.
రాత్రి పది దాటాక, ఫ్యాను చప్పుడులో, మా సుగుణకి చెబుతాను.
పగలు ఎవరైనా అడిగితే కరెంటు పోయిందంటాను.
రెండు పార్టీల కరపత్రాలూ నేనే తీశాను,
రెండు పార్టీలూ బాకీ.
గెలిచినాయనకి గుర్తులేదు, ఓడినాయన ఊళ్లో లేడు.
నేను కళ్లారా చూసిన సమానత్వం ఇదొక్కటే.

రెండేళ్ల కిందట నా డ్రమ్ము మీద వెంట్రుకంత గీటు పడింది.
అప్పటినుంచీ ప్రతి కాపీకీ ఎడమ అంచున
పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత.
విజయనగరం మెకానిక్కు నాలుగు వేలన్నాడు.
గీతతోనే బతికేస్తున్నాను.

ఆషాఢంలో ఒక పిల్ల వచ్చింది, సనపల నీలవేణి,
డిగ్రీ రెండో ఏడు, చెప్పులకి ఏటి ఇసుక.
చేత్తో రాసిన ఒకే కాగితం:
రాత్రిళ్లు మా పేటలోంచి ఇసుక లారీలు ఎందుకు పోతున్నాయి,
ఎవరిచ్చిన అనుమతి, చూపించండి.
అంతే. తిట్టు లేదు, నినాదం లేదు.
రెండొందల కాపీలు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

మూడోనాడు కానిస్టేబుల్ లోకనాథం వచ్చాడు.
కేకలెయ్యలేదు. టీ తాగాడు, నాకూ చెప్పాడు.
కాగితం తీసి ఎడమ అంచు మీద గోరు పెట్టాడు.
"ఈ గీత నీదే కదా గురూ. ఎవులు తీయించినారు?"

నోటిదాకా వచ్చిన మాట ఒకటుంది.
నలుగురికి మించి గుమికూడరాదని
మీరు గోడకంటించిన ఉత్తర్వు మీదా ఇదే గీత, చూసుకోండి.
మీ బదిలీ అర్జీ మీద ఉంది.
నిలబడ్డ కేసుల మీదా, కొట్టేసిన కేసుల మీదా ఉంది.
గీతది ఏ పక్షం?
అనలేదు.
"రోజుకి వందమంది వస్తారు సార్, గుర్తులేదు" అన్నాను.
టీ డబ్బులు నేనే ఇచ్చాను.

అది ధైర్యమేనంది సుగుణ.
వారం తిరక్కుండా ఆ పిల్ల మళ్లీ వచ్చింది, ఈసారి రెండు కాగితాలు.
"టోనరు అయిపోయిందమ్మా" అన్నాను.
తను నా మొహం చూడలేదు.
మిషను మీద వెలుగుతున్న పచ్చలైటుని చూసింది.
"పర్లేదండి" అని వెళ్లిపోయింది.

స్వేచ్ఛ గురించి పెద్ద మాటలు నాకు రావు.
టోనరు లాంటిదనుకుంటాను:
ఉన్నన్నాళ్లూ చేతికంటే మసి,
విసుక్కుంటూ సబ్బుతో కడుక్కుంటాం.
నిజంగా అయిపోయిన రోజున
మిషను ఆగదు. చప్పుడు మామూలే, లైటు మామూలే.
తెల్లకాగితాలు వస్తూనే ఉంటాయి.

అసలు కాగితాన్ని గాజు మీదే మరిచిపోవడం మా ఊరివాళ్ల అలవాటు.
నా సొరుగు నిండా ఆధార్లు, టెన్త్ మార్కుల లిస్టులు, ఒక మరణ ధ్రువపత్రం.
కరెంటు బిల్లుల అడుగున
మొదటిరోజు ఆ పిల్ల వదిలేసిన కాగితం.

నిన్న షట్టరు సగం దించాక తీశాను.
మూత వెయ్యకుండానే నొక్కాను.
వెలుగు నా గడ్డం కిందనుంచి పాకింది.
ఒక్కటే కాపీ. ఎవరికోసమో తెలీదు.
ఇంకా వేడిగా ఉన్నదాన్ని చొక్కాలో పెట్టుకుని
రెండు రూపాయలు డబ్బాలో వేశాను.

"ఏటది?" అంది సుగుణ, రాత్రి.
ముందు ఫ్యాను ఆపమన్నాను.